రెక్కలు పూడ్చిన చోటు

మా బాబాయిని వీధిలో అందరూ రెక్కలాయన అనేవాళ్ళు. కొండమీద గాలిమరలు లేపినప్పుడు క్రేన్ నడిపింది ఆయనే. లారీకి మించిన పొడవున్న రెక్కను పైకి లేపి, గాలి కాస్త నెమ్మదించే అదను చూసి తగిలించడం ఆషామాషీ పని కాదు. ఆ రోజుల్లో ఆయన నడకే వేరు. ఇంటికి చుట్టాలెవరొచ్చినా మేడమీదికి తీసుకెళ్ళి, "పొగ లేదు, బూడిద లేదు. ఉత్త గాలి" అని చూపించేవాడు.

ఆ మాట పిన్ని వాళ్ళన్నయ్యకు గుచ్చుకునేది. ఆయన బొగ్గు కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టున కూర్చున్నవాడు. "ఆ ఇనుమూ సిమెంటూ గాల్లోంచే రాలాయా బావా?" అని దగ్గుతూనే వెటకారం చేసేవాడు.

ఏళ్ళు గడిచాయి. పాత రెక్కలు బలహీనపడ్డాయని, స్తంభాలతో సహా తీసేసి ఇంకా పెద్దవి పెడతామని కంపెనీ వాళ్ళు వచ్చారు. దించిందీ బాబాయే. స్తంభాల ఇనుమును పాత సామాన్లవాళ్ళు ఎగరేసుకుపోయారు కానీ, రెక్కల జోలికి ఎవరూ రాలేదు. గాజుపీచూ జిగురూ కలిసి గట్టిపడ్డ సరుకది. కరగదు, కుళ్ళదు, కాలిస్తే విషప్పొగ. కంపెనీ ఇంజనీరు కొండ వెనక పాడుబడ్డ క్వారీ చూపించి, ముక్కలు కోసి అందులో పడేయమన్నాడు. క్రేన్ పని ఆగిపోవడంతో బాబాయి మరో ముగ్గురితో కలిసి కోతమిషన్ పట్టుకున్నాడు.

"మాస్కులు ఇస్తామన్నారు కదా సార్?"

"వస్తాయి. ఈలోపు గుడ్డ కట్టుకో. ఇదేమన్నా బొగ్గా?"

కోస్తుంటే సన్నటి తెల్లపొడి లేచేది. చొక్కాలోకి, కనురెప్పల్లోకి, మూతపెట్టిన క్యారేజీలోకి కూడా దూరేది. బాబాయి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఆయన బట్టలుతికి పిన్ని చేతులూ అలాగే తయారయ్యాయి. ఒకరోజు పనినుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"లోపలికి రండి, అక్కడ కూర్చున్నారేం?" అంది పిన్ని.

"వద్దులే. పక్కంతా పొడి అంటుతుంది. నువ్వు మళ్ళీ గోక్కుంటూ కూర్చోవాలి."

సంగతి విని పిన్ని వాళ్ళన్నయ్య వచ్చాడు. దెప్పుతాడనుకున్నాం. దెప్పలేదు. బాబాయి చొక్కా విప్పించి వీపుకు కొబ్బరినూనె రాస్తూ, "మా పొగ కనబడేది బావా. అందుకే జనం తిట్టారు. మీది కనబడదు, అంతే" అన్నాడు.

"అంతే కాదు. అక్కడ ఊరంతా దగ్గింది. ఇక్కడ మేం నలుగురమే గోక్కుంటున్నాం. ఎలా చూసినా ఇదే నయం."

"నయమే అనుకో. ఆ నలుగురూ మీరే అవ్వాలని ఎవరు తేల్చారు? ముందుగా ఒక్క మాట చెప్పారా?"



క్వారీ నిండాక పైన మట్టి పోశారు. ఇంజనీరు, పెద్దమనుషులు మొక్కలు నాటి ఫొటోలు దిగి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. పైన పోసిన పలచటి పొర తప్ప, వేర్లు పట్టుకోవడానికి కింద మట్టే లేదు. ఎండలు ముదిరేసరికి అన్నీ మాడిపోయాయి.

తర్వాత కొత్త రెక్కలొచ్చాయి. ఇంజనీరు బాబాయిని మళ్ళీ పిలిపించాడు.

"వీటి కాలం తీరాక ఎక్కడ పెడతారు సార్?" అని బాబాయి అడిగాడు.

ఇంజనీరు నవ్వాడు. "అప్పటికి నేనూ ఇక్కడ ఉండను, నువ్వూ ఉండవు. ఆ గొడవ మనకెందుకు?"

బాబాయి ఒప్పుకునే వచ్చాడు. పిన్ని రెండు రోజులు ముఖం తిప్పుకుని తిరిగింది. మూడోరోజు ఆయనే అన్నాడు: "నన్నేం చేయమంటావు? మీ అన్నయ్యను అలా చేసిన బొగ్గునే మళ్ళీ మండించమననా?"

"నేనేమీ అనలేదు. ఆ చొక్కాలు ఇకనుంచి మీరే ఉతుక్కోండి."

మొదటి రెక్క పైకి లేస్తుంటే కింద జనం చప్పట్లు కొట్టారు. బాబాయి క్యాబిన్‌లో, దురద పెడుతున్న చేతిని లివర్ మీంచి తీయకుండానే, ఆ రెక్కను ఎక్కడెక్కడ కోయాల్సి వస్తుందో కళ్ళతో కొలుచుకున్నాడు.