జీవమ్మ ఎండు రొట్టెల మూట

ఆ శుక్రవారం ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కారులో జీవమ్మకు చెప్పేయాలనుకుంది దీవెన, ఇక పనికి రావద్దని.

తను స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబు డ్యూటీకి వెళ్తే, బహ్రెయిన్‌లోని జుఫైర్ ఫ్లాట్‌లో ఐదేళ్ల కూతురు జెస్సికాను మూడేళ్లుగా చూసుకుంటున్నది జీవమ్మే. మనిషి బంగారం, దీవెన అత్తా అనే పిలుస్తుంది. కానీ మొన్న బియ్యం డబ్బా జరిపితే, వెనక మూడు ముళ్లు వేసిన గుడ్డమూట కనపడింది. నిండా ఎండిన ఖుబ్జు రొట్టెముక్కలు. అవి పాపకి పెడుతోందా? బూజు, దాని విషం, పాప కాలేయం... దీవెనకి రెండ్రోజులుగా ఇదే ఆలోచన.

అక్కడ సెలవురోజైన శుక్రవారమే జరిగే చర్చి ఆరాధన అయ్యాక, "నేను ముందు పనిచేసిన కువైట్ సంగతులు పెట్టారంట, చూపించమ్మాయ్" అంది జీవమ్మ. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఓ పాత ఇంట్లో చిన్న మ్యూజియం. ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించిన ఏడు నెలల నాటి రేడియోలు, కరపత్రాలు, రేషన్ కార్డులు.

ఒక అద్దాల పెట్టె ముందు జీవమ్మ ఆగిపోయింది. లోపల గుడ్డమూట. మూడు ముళ్లు.

"మా మేడం కూడా ఇలాగే కట్టించేది. అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. కొట్లు మూసేశారు. మిగిలిన రొట్టె మేడమీద ఎండబెట్టి, వీధిలో ఏడిళ్లకీ నాచేతే పంపేది. అడుగున చీటీలుండేవి."

"ఏం చీటీలత్తా?"

"ఎవర్ని ఎక్కడ దాచారోనంట. నాకు అరబ్బీ చదవడమొచ్చా ఏంటి!"

"సిపాయిలు వెతకలేదా?"

"వెతక్కేం! ఒక ముడి విప్పేసరికే వాడికి విసుగొచ్చేది. యల్లా, పో అనేవాడు."

దీవెన గొంతు తగ్గించింది. "మరి మనింట్లో మూట?"

జీవమ్మ నాలుక కరుచుకుంది. "చూసేశావా? పాప నోట ఒక్క ముక్క పెట్టలేదమ్మా, దేవుడి సాక్షి. పసిపిల్లలున్న ఇంట్లో ఓ మూటైనా లేకపోతే నాకు నిద్ర పట్టదు. నెల తిరిగితే పాతవి పావురాలకేసి, కొత్తవి బాల్కనీలో ఎండబెట్టి కడతాను."

కారులో చెప్పాలనుకున్న మాట దీవెన చెప్పలేదు. జుఫైర్ దగ్గరకొచ్చాక మాత్రం, "బాల్కనీ ఎండకి లోపలి తడి పోదత్తా. ఓవెన్లో పెడదాం, బూజు దరికి రాదు" అంది.

"ఇందుకేనా మీ అమ్మ నిన్నంత చదివించింది?" అంటూ పకపకా నవ్వింది జీవమ్మ.

ఆ సాయంత్రం రొట్టె ఎండింది. మూడో ముడి జెస్సికా వేసింది. ల్యాబు సీసాల మీద అంటించినట్టే, మూట మీద తేదీ చీటీ అంటించి, బియ్యం డబ్బా వెనక తనే పెట్టింది దీవెన.