టేకు పుల్లకు ఎదురు నిలిచిన మీటరు

నేను రిటైరైన మూడో ఏడు, కిందటి వానాకాలం మొదట్లో, సైనిక్‌పురిలోని ఒక చిన్న వర్క్‌షాపు నన్ను సలహాదారుగా పెట్టుకుంది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఒక ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్‌ను. సలహాదారు అంటే కూర్చొని తప్పులు పట్టేవాడని తెలిసి వెంటనే ఒప్పుకున్నాను.

వర్క్‌షాపు గ్రేస్ అనే ఇంజనీరమ్మది. రెండు సీట్ల శిక్షణ విమానాలకు ఆమె కొత్త పెట్రోల్ మీటరు చేసింది. పాత మీటర్లో ట్యాంకు లోపల ఒక బెండు తేలుతూ ముల్లును తిప్పుతుంది. విమానం కుదుపుకు ముల్లు పెళ్లి బారాత్‌లోలా చిందేస్తుంది. అందుకే పైలట్లు ఎగిరే ముందు రెక్క మీది మూత తీసి, పుల్ల ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూస్తారు. మా క్లబ్బు పుల్ల నేను చేసిందే, టేకుది. అప్పటికి నాకు అంకెలు రావు కాబట్టి ఐదు లీటర్లు పోసినప్పుడల్లా ఒక గాటు పెట్టాను. అక్షరాలు నలభై దాటాక దిద్దాను.

గ్రేస్ మీటర్లో బెండు లేదు. ట్యాంకులో నిలబెట్టిన గొట్టం ఎంత మునిగిందో కరెంటుతో పసిగడుతుంది. క్లబ్బు పెద్ద కెప్టెన్ సాబ్ సంతకం పెడితే అన్ని విమానాలకూ అదే. పెట్టకపోతే వర్క్‌షాపు మూసి ఉద్యోగం వెతుక్కుంటానని ఆమె ముందే చెప్పింది.

పరీక్ష రోజు క్లబ్బులో, చదును నేల మీద నిలిపిన విమానంలో మీటరు నలభై లీటర్లు చూపింది. పుల్ల ముప్పై ఐదంది.

“ఎల్లయ్య పుల్ల ముప్పై ఏండ్ల సంది అబద్ధమాడలే. నీ మీటరు వయసెంతమ్మా?” అన్నారు కెప్టెన్.

“మూడు వారాలు సార్,” అని ఆమె నావైపు తిరిగింది. “అంకుల్, ఈ గాట్లు ఎక్కడ పెట్టిన్రు?”

చెప్పబోయి ఆగాను. విమానాలు కడిగే చోట పెట్టాను. పెట్రోల్ ఒలికితే కడగడం సులువని. అక్కడ నీళ్లు పోవడానికి నేల వాలుగా ఉంటుంది. ఎడమ రెక్క కిందికి వంగి, పెట్రోలంతా మూత ఉన్న కొసకు చేరి, పుల్ల ఎక్కువ తడిసింది. గాట్లన్నీ పైకి పడ్డాయి. కాబట్టి చదును నేల మీద నా పుల్ల ఎప్పుడూ తక్కువే చెబుతుంది. కొలిచే ముందు విమానాన్ని మట్టం చేయాలని మాన్యువల్లో రాసి ఉంటుంది. అప్పుడు చదవలేకపోయాను. చదువొచ్చాక ఆ పేజీ తిప్పేశాను, పుల్ల ఉండగా ఎందుకని.

నోరు మూసుకుంటే నా పుల్ల గెలుస్తుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం.

“సాబ్, పుల్ల గలత్. నేనే వాలు మీద కోసిన,” అన్నాను.

ఆయన నమ్మలేదు. ట్యాంకు అడుగు వాల్వు తిప్పి, కొలత డబ్బాల్లోకి మొత్తం దించాం. నలభైకి ఒక గరిటెడు తక్కువ.

“అంటే ఇన్నేండ్లు మేము ఊకెనే ఐదు లీటర్ల బరువు ఎక్కువ మోసినమా?”

“అందుకే ఒక్కడు సుత పెట్రోల్ అయిపోయి పొలంల దిగలే సాబ్. జెర షుక్రియా చెప్పున్రి.”

ఆయన నవ్వలేదు గానీ సంతకం పెట్టారు. గ్రేస్ ఇప్పుడు ఆ పుల్లను వర్క్‌షాపు కిటికీ మూసుకోకుండా అడ్డు పెడుతోంది. ఆ పనికి అది సరిగ్గా సరిపోయింది.

ఏ కొలత చేతికొచ్చినా దాన్ని ఏ నేల మీద గీశారని ముందు అడగాలి. గీసింది మనమే అయితే రెండుసార్లు అడగాలి.