కనుబొమల మీద పిండి

రాత్రంతా రొట్టెలు కాల్చి, బేకరీ మేస్త్రీ పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరతాడు. కనుబొమల దాకా అంటిన పిండి కడుక్కుని మంచమెక్కుతాడు గానీ ఓ పట్టాన కునుకు పట్టదు. "లేవగానే పావుగంట పొద్దుటెండలో నిలబడు" అన్నాడు డాక్టరు. ఈయన లేచేదేమో సాయంత్రం నాలుగింటికాయె! వారం రోజులు బుర్ర గోక్కుని, ఇవాళ పొద్దున ఇంటికొచ్చి మొహం కడుక్కోగానే, మంచమెక్కకుండా వరండాలో ఎండకి నిలబడ్డాడు. అలవాటుకొద్దీ పిట్టగోడనే పిండిముద్దలా ఒత్తుతూ, ఆఫీసుకి బయల్దేరిన భార్యని అడిగాడు: "ఏమే, నాకిప్పుడు తెల్లారినట్టా, పొద్దుపోయినట్టా?"

"నాకేం తెలుసు! ముందు ఆ పిండి కడుక్కోండి," అంటూ ఆమె బొటనవేలితో ఆయన కనుబొమ తుడిచింది. పోలేదు. గట్టిగా రుద్దింది. తెలుపు అలాగే ఉంది. ఆయన్ని ఎండలో చూసి ఎన్నేళ్ళయిందో.

"ఇప్పుడే కడుక్కున్నానుగా!" అన్నాడు అయోమయంగా.

ఆమె చేతిసంచి కింద పెట్టి, పక్కనే నిలబడిపోయింది.