తీగకు గుచ్చిన ఉత్తరాలు

దుబాయ్ పోయినోళ్ళు ఉన్నది ఉన్నట్టు ఇంటికి రాయరు, అందుకే వెనక పోయేవాళ్ళు మోసపోతారని టీ అంగడి కాడ పెద్దమనుషులు ఇప్పుడు తీర్పులు చెబుతుంటారు. ఆ బెంచీ మీదనే ఒక కొసన కూచొని నేను వింటుంటాను. నేను రాసినాను. ఒక్కసారే రాసినాను గానీ ఉన్నది ఉన్నట్టే రాసినాను. దానికి ఈ పెద్దమనుషులే నాకు ఏం పేరు పెట్టినారో వాళ్ళకు గుర్తు లేదు. నాకుంది.

నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. బొరుగుల పొట్లాలు కట్టిన పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నాను. 2002లో, యాభై ఏళ్ళ వయసులో, మా కడప పక్క వాళ్ళ వెంట దుబాయ్ పోయినాను. అల్ కుసైస్‌లో క్యాంపు. కమ్మీలు కట్టే పని. స్లాబు పోయకముందు ఇనుప కమ్మీలు పరిచి, అవి కలిసిన చోటల్లా సన్న తీగ చుట్టి కొక్కెంతో మెలి తిప్పాలి. పొద్దున వంచిన నడుము మధ్యాహ్నం అన్నానికి ఎత్తేది. ఎండాకాలంలో కమ్మీ పట్టుకుంటే చేతిగుడ్డలోంచి కూడా కాలేది.

ఇంటికి నెలకొక ఉత్తరం రాసేవాణ్ణి. ఫోను లేక కాదు. ఊళ్ళో ఉన్న ఆ ఒక్క ఫోను కాడికి నా పెండ్లాం పరిగెత్తి వచ్చేసరికి అక్కడ నా కార్డు ఖలాస్ అయ్యేది. ఆమెకు చదువు రాదు. ఉత్తరం వస్తే చౌకదుకాణం డీలరు మా వసారాలో కూచొని పైకి చదివేవాడు. ఇరుగుపొరుగు, మా అత్త, బామ్మర్ది, అందరూ చుట్టూ చేరేవాళ్ళు. చదవడం అయినాక ఆమె దాన్ని దూలానికి వేలాడే తీగకు గుచ్చేది. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు, నా ఉత్తరం, అన్నీ ఆ తీగకే.

పదిమంది వినేదాంట్లో ఏం రాస్తాం? 'గదిలో ఏసీ ఉంది. పనికి కంపెనీ బస్సే తీసుకపోతుంది. కోడికూర తింటున్నాము.' ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఏసీ ఉంది. పన్నెండుమంది పండుకునే గదిలో అది పై మంచం వాని ముఖం మీద నీళ్ళు కార్చేది. బస్సు వస్తుంది. దానికోసం కోడి కూయకముందే కక్కసు కాడ వరసలో నిలబడాలి. కోడికూర శుక్రవారం. తక్కిన ఆరు రోజులు తెల్లవారుజామున వండి డబ్బాలో పెట్టిన పప్పన్నం, మధ్యాహ్నానికి పులిసి నురగ కట్టేది. అదే తినేది. రాసింది సగం, మింగింది సగం. అట్లా మూడేండ్లు.

అప్పుడు మా ఆవిడ డీలరు చేత రాయించింది, తన తమ్ముడు కూడా దుబాయ్ వస్తున్నాడని. వాడు పంపుసెట్లు విప్పి బిగించేవాడు. మోటరు చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఏజెంటు మెకానిక్ వీసా అన్నాడట. పాస్‌పోర్టు ఇచ్చేసినాడు, రేంచీలు, పానాలు అమ్మేందుకు బేరం పెట్టినాడు, రెండు వారాలలో మిగతాది కట్టేస్తాడు.

మా గదిలోనే ఇద్దరు మెకానిక్ వీసాగాళ్ళు ఉండిరి. ఇద్దరూ ఇటుకలు మోస్తుండిరి. వచ్చి దిగినాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఏం పని చెబితే అదే నీ పని. పాస్‌పోర్టు ముదీర్ అనే మేనేజరు అల్మారాలోకి పోతుంది. నీవు మెకానిక్ అని మీ ఊరికి తెలుసు, అంతే.

ఆ శుక్రవారం నేను వంట చేసుకోలేదు. మంచం మీద కూచొని నాలుగు కాగితాలు రాసినాను. నీళ్ళు కార్చే ఏసీ, నురగ కట్టిన పప్పు, ఇటుకలు మోసే మెకానిక్కులు, అన్నీ. చివర, 'రేంచీలు అమ్మొద్దు, పాస్‌పోర్టు వెనక్కి తీసుకోమను' అని రాసి కింద గీత కొట్టినాను. సెలవు మీద పోయేవాని చేతికిచ్చే ఉత్తరం అతికించకూడదు, అది క్యాంపు మర్యాద. దారిలో ఎవరైనా ఇదేమని అడిగితే వాడు విప్పి చూపించుకోవాలి గదా. దీన్ని అట్లా ఇవ్వలేదు. గట్టిగా అతికించి పోస్టులో వేసినాను.

ఉత్తరం చేరింది. డీలరు చదివినాడు. ఆ పొద్దు ఏజెంటు కూడా మా వసారాలోనే ఉన్నాడట. అంతా విని, "తీగ దించమ్మా," అన్నాడట. నా పాత ఉత్తరాలన్నీ తీయించి, ఒక్కొక్కటే డీలరు చేత చదివించినాడు. ఏసీ ఉంది, బస్సు ఉంది, కోడికూర ఉంది. "మూడేండ్లు లేని కష్టం బామ్మర్ది బయలుదేరితే వచ్చిందా? ఏరు దాటి తెప్ప తగలేసే రకం," అన్నాడు. వసారాలో ఉన్న పెద్దమనుషులు ఆ మాటనే నాకు పేరుగా ఖాయం చేసినారు.

ఫోనులో మా ఆవిడ ఏడవలేదు, దానికే నాకు భయం వేసింది. "ఏమయ్యా, నా తమ్ముడు వచ్చి నీ కూడు తింటాడా? నీకేం పోయేది?" అనింది. నేను నోరు తెరిచేలోపల ఫోను పెట్టేసింది.

వాడు వచ్చినాడు. అబుధాబి అవతల మఫ్రఖ్‌లో క్యాంపు. వాడు దిగిన రెండు నెలలకు ఒక శుక్రవారం బస్సులు మారి చూసేకి పోయినాను. మోటరు చప్పుడు వినే మనిషిని పైపులు వేసే గుంతలు తవ్వడానికి పెట్టినారు. అరచేతులు బొబ్బలు పగిలి ఉన్నాయి.

"రా బావా," అన్నాడు. "మా ఏసీ కూడా నీ ఏసీ చెల్లెలే. కారుతాంది."

పెట్టె తెరిచి నా నాలుగు కాగితాలు తీసినాడు. వాళ్ళ అక్క ఇచ్చి పంపిందట, ఇది ఏం రాతో ఆయన్నే అడుగు అని.

"అంతా నిజమే రాసినావు బావా. మరి మూడేండ్లు సగమే ఎందుకు రాసినావు? నేను దానికే గదా వచ్చింది."

దేశంలో ఎవరు తప్పు చేసినా నాకు కోపం వస్తుంది. ఆ పొద్దు ఎవరి మీద చూపించాలో తెలియలేదు. "టీ తాగుదాం పా," అన్నాను.

మరుసటి నెల నాకు సెలవు దొరికింది. మళ్ళీ మఫ్రఖ్ పోతే వాడు ఇంటికి ఒక ఉత్తరం ఇచ్చినాడు, మర్యాద ప్రకారం అతికించకుండా. చదివినాను. 'అమ్మకు, అక్కకు. మెకానిక్ పనే ఇచ్చినారు. ఏసీ గది, తిండి బాగుంది. బావ రాసిందేమీ నిజం కాదు.'

"ఇదేందిరా?"

"అమ్మకు గుండె బాగలేదు, నీకు తెలుసు. రేంచీలు పోయినాయి, ఇంక ఏం వెనక్కి వస్తాది? రెండేండ్లు కాంట్రాక్టు. ఆమె ఆడ కూచొని ఏడుస్తే ఈడ గుంత పూడుతుందా?"

"నా పేరు ఎందుకు రాసినావు మరి?"

"నీ పేరు రాయకపోతే నమ్ముతాదా?"

నా చేతులతోనే మోసుకపోయినాను ఆ ఉత్తరాన్ని. డీలరు మా వసారాలోనే చదివినాడు. చివరి మాట కాడ కళ్ళద్దాల మీదుగా నన్ను చూసినాడు. మా అత్త కొంగుతో ముఖం తుడుచుకొని, "నువ్వు వాణ్ణి చూసినావు గదా నాయనా, నిజమేనా?" అని అడిగింది.

"నిజమే అత్తా. ఒళ్ళు కూడా చేసినాడు," అన్నాను.

మా ఆవిడ లేచి ఆ ఉత్తరాన్ని తీగకు గుచ్చింది, నా వాటన్నిటి మీద.