తొట్టి ఎంతో చేప అంత

నలభై ఏళ్ళు చేపలమ్మినదాన్ని. కాశిమేడు చేపల రేవులో గంప నింపుకుని వ్యాసర్పాడి సందులన్నీ కేకేసుకుంటూ తిరిగినదాన్ని. చేపల గురించి నాకు ఇంకొకరు చెప్పేదేముందని అనుకునేదాన్ని. ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ తట్టలేదు. నాకు తెలిసినవన్నీ చచ్చిన చేపలే. బతికున్న చేప ఏం తింటుందో, ఎంత పెరుగుతుందో నాకేం తెలుసు?

మా ఆయనకు అసలే తెలీదు. రైలు యార్డులో పని ఆయనది. ఒక ఆదివారం కొళత్తూరు రంగుచేపల అంగళ్ళకు పోయి, నీళ్ళు నింపిన కవరు పట్టుకుని పెళ్ళికొడుకులా నడుచుకుంటూ వచ్చాడు. లోపల వేలెడంత పిల్ల. వీపు నలుపు, పొట్ట తెలుపు, తోక మాత్రం కుంకుమలో ముంచి తీసినట్టు ఎరుపు. మూతికి మీసాలు.

"ఏంది మే ఆ చూపు? సముద్రాల అవతల, పెద్ద పెద్ద నదుల్లో ఉండే చేప ఇది."

"జెల్లే కదయ్యా! తోకకు రంగేసి నీకు అంటగట్టినారు."

"పోమే. ఆడ అయితే మనిషంత పెరగతాదంట."

"అంత పెరిగితే యాడ పెడతావ్?"

"ఈడ పెరగదులే. తొట్టి ఎంతో చేప అంతేనంట. అంగడాయన చెప్పినాడు."

నమ్మేశాను. 'ఇప్పుడే పడవ దిగింది తల్లీ' అని నిన్నటి చేపను అమ్మిన నోరు నాది. అలాంటిదాన్ని ఇంకో అంగడివాడి మాట నమ్మాను!

నెల తిరక్కముందే, దానికి తోడుగా గాజుతొట్టిలో వేసిన బంగారు చేపలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మా ఆయన పిల్లిని అనుమానించి దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. ఆఖరి చేప తోక ఈ మీసాలాయన నోట్లోంచి బయటికి కనిపించిన రోజు పిల్లికి విడుదల దొరికింది. గాజుతొట్టి చాలక నీలం డ్రమ్ములోకి మార్చాం. అదీ చాలకపోతే పెరట్లో సిమెంటు తొట్టి కట్టాడు. గుడ్డలుతుక్కోవడానికి ఒక తొట్టి కట్టించవయ్యా అని నేను పదేళ్ళు పోరాను. నాకు కట్టని తొట్టి జెల్లకు రెండు రోజుల్లో లేచింది.

సాయంత్రమైతే దాని పక్కనే స్టూలేసుకుని కూర్చునేవాడు. ఇద్దరిదీ ఒకటే గుణం. పగలంతా కదలకుండా పడుకోవడం, తిండి వాసన తగిలితే లేవడం, కదిలిస్తే గుర్రుమనడం. నిజంగానే గుర్రుమంటుంది ఆ చేప. ఇద్దరిలో ఎవరు గురక పెడుతున్నారో వంటింట్లోంచి తెలిసేది కాదు.

ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు ఇంట్లోకి నీచు రాకూడదన్నారు పెద్దలు. మరి నీచు తప్ప ఎరగని ఆ చేప సంగతి? అది చేసిన పాపమేముంది? సంతాపానికి వచ్చినవాళ్ళు తెచ్చిన అరటిపండ్లలో ఒకటి వలిచి తొట్టిలో వేశాను. గుటుక్కున మింగి ఇంకోదానికి నోరు తెరిచింది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

అది జరిగి మూడేళ్ళు. ఈ మధ్య చేప ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అయింది. వెనక్కి తిరగాలంటే విల్లులా వంగాలి. వంగినప్పుడల్లా ముక్కు గోడకు రాసుకుని ఎర్రగా పుండైంది. పొద్దున్నే ఆ పుండు చూస్తే నాకు కాఫీ దిగేది కాదు.

పక్కింటామె తొంగిచూసింది. "అక్కా, పులుసు పెట్టరాదా? వీధంతా తింటాది."

"నీ మొగుడికి పెట్టు పులుసు. నా మొగుడి జోలికి రావాకు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె ఇప్పటికీ నవ్వుతోంది.

"చెరువులో వదిలేద్దాం అత్తా" అంది కోడలు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది కూడా ఆవిడే. తన మాట ఉన్నచోట అక్షరాలు కాస్త గుండ్రంగా వస్తున్నాయి.

"వదిలితే? మన బంగారు చేపల గతే పడతాది ఆడుండే చేపలకి. వాటిని పట్టి బతికేటోళ్ళు ఏం కావాల?"

"సరి, ఎన్నూరు కాడ సముద్రంలో?"

"ఉప్పునీళ్ళమ్మా. చచ్చిపోతాది."

కోడలే ఫోనులో వెతికింది. ఊరి బయట తోటలో ఒకాయన, ఇలా పెంచలేక వదులుకున్న పెద్ద చేపల్ని వల కప్పిన చెరువులో ఉంచుతాడట. పొద్దున్నే సామాన్ల ఆటో పిలిచి, డ్రమ్ములో నీళ్ళు నింపాం. చేపను పట్టే పని నాదే. తడి గోనెసంచిలో చుట్టి, ముల్లు గుచ్చుకోకుండా ఎత్తాను. ఎత్తగానే నా బొటనవేలు తనంతట తాను దాని మొప్ప కిందికి పోయింది. కత్తిపీట మీద మొదటి కోత పడేది అక్కడే. నలభై ఏళ్ళ చెయ్యి కదా, అడక్కుండానే చోటు వెతుక్కుంది. చేప గుర్రుమంది.

"ఉండవయ్యా, కొయ్యనులే" అన్నాను.

తోటాయనకు అంతా చెప్పాను, అరటిపండు సంగతి కూడా.

"మంచిపనే చేసినావమ్మా. ఆడ వానలకి నది అడివిలోకి పొంగితే, చెట్ల నుంచి రాలిన పండ్లు తింటాయి ఇవి" అన్నాడు.

"తొట్టి ఎంతో చేప అంతేనని చెప్పినారయ్యా మాకు."

"ఈడికి తెచ్చేటోళ్ళందరికీ అదే చెప్పినారమ్మా."

మా ఆయన ఒక్కడే వెర్రివాడు కాదన్నమాట. ఆ కబురు ఆయనకు చెప్పే దారి లేదు.

నీళ్ళలో వదిలాను. అడుగున అలాగే పడుంది, గోడ ఉందనుకుందో ఏమో. చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాను. తర్వాత మెల్లగా తల తిప్పింది, ఒళ్ళు తిప్పింది, ఎర్రతోక కూడా తిప్పింది. ఎక్కడా తగల్లేదు. ఇంకోసారి తిరిగింది. నా వైపు చూస్తుందేమోనని ముందుకు వంగాను. చూడలేదు. ఆయనా అంతే, యార్డుకు పోతూ ఒక్కరోజూ వెనక్కి చూసిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి సిమెంటు తొట్టిలో గుడ్డలు నానేశాను. పదేళ్ళు పోరిన తొట్టి, ఇన్నాళ్ళకు నాకొచ్చింది.