నోరు తెరిపించే అక్క

పొద్దున ఎనిమిది కొట్టేసరికి భుజాన గుడ్డసంచితో వీధిలోకి దిగుతుంది నోరు తెరిపించే అక్క. ఒక ధర్మ ట్రస్టు తరఫున టీబీ ఉన్న పేదల ఇళ్ళకు మందులు తీసుకెళ్ళడం ఆమె పని. వెళ్ళగానే గుమ్మంలోనే చతికిలబడి, దగ్గరుండి మాత్రలు మింగించి, "ఏదీ, ఆ అను" అంటుంది. "నా మీద నమ్మకం లేదా అక్కా?" అని ఏ రోగైనా అంటే, "నీ మీద ఉందయ్యా, నీ నాలుక మీదే లేదు" అని దాని కిందకి కూడా తొంగి చూస్తుంది. ఆనక రోగి బలానికని ట్రస్టు ఇచ్చే ఉడికించిన గుడ్డు చేతిలో పెట్టి లేస్తుంది. ఆమె మందులిచ్చే వాళ్ళలో ఒక తాపీమేస్త్రీ బుద్ధిగానే మింగేవాడు. అయినా రెండు నెలలకి ఒక్క కిలో పెరగలేదు, దగ్గూ తగ్గలేదు. ఒకరోజు అక్క వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి వచ్చి చూస్తే, గుడ్డుని దారంతో మూడు ముక్కలు కోసి తన ముగ్గురాడపిల్లలకీ పంచుతున్నాడు. "తిట్టకక్కా. వాళ్ళు చూస్తుంటే నాకు గొంతు దిగదు" అన్నాడు.

ఎన్నడూ గొంతు పెంచని మనిషి, తిన్నగా ట్రస్టు ఆఫీసుకి నడిచి, ఇంట్లో అందరికీ గుడ్లు ఇమ్మని గట్టిగా అడిగింది. "గుడ్డు రోగికేనమ్మా, అది రూలు" అన్నాడు మేనేజరు. "అయితే రేపు నాతో రండి సార్. ఆ పిల్లల ఎదురుగా కూర్చుని మీరో గుడ్డు తిని చూపించండి, మళ్ళీ నోరెత్తను." ఆయన వచ్చాడు. పిల్లల్ని చూశాక గుడ్డు ముట్టుకోనేలేదు. ఆ వారం నుంచి రోగి ఉన్న ప్రతి ఇంట్లో ఇంటిల్లిపాదికీ గుడ్లు అందాయి. ఆరో నెల పరీక్షలో మేస్త్రీకి జబ్బు పూర్తిగా పోయిందని తేలింది. కొన్నాళ్ళకి ఆమె వీధిలో పోతుంటే, కడుతున్న మేడ మూడో అంతస్తు నుంచి "అక్కోయ్! పనిలోకి ఎక్కేశా!" అని కేక వినిపించింది. వీధి వీధంతా తలెత్తి చూసింది. అంత గట్టిగా అరిచినా మేస్త్రీకి దగ్గు రాలేదు.