ఆరు ప్లేట్ల చప్పరం

నేను డిగ్రీ పాసయ్యాను! ఫస్ట్ క్లాస్! మా నాయన వేలిముద్ర వేస్తాడు. అమ్మ సంతకం నేర్చుకున్నది మహిళా సంఘం కోసం. అవ్వ బడి గడప కూడా తొక్కలేదు. అలాంటి ఇంట్లో నేను బీఎస్సీ, అదీ ఫిజిక్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ మార్కులతో. ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు. కానీ చెప్పిన ప్రతిసారీ మా ఇంటి పక్కన వేసుకున్న చప్పరం కళ్ళ ముందుకు వస్తుంది. ఆ రెండూ నాకు విడివిడిగా గుర్తుకు రావు.

మా శెనక్కాయల చేను సోలార్ పార్కుకు కౌలుకు పోయింది. నాయన ఇప్పుడు అదే చేలో సోలార్ ప్లేట్లు కడిగే కూలికి వెళ్తాడు. ప్లేట్ల మీద నీడ పడకూడదని చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టేశారు. దాంతో మాకు కూర్చోవడానికి నీడ కరువైంది. ఇంట్లో ఉడుకు, బయట మంట. అవ్వ మధ్యాహ్నమంతా గోడ నీడను వెతుక్కుంటూ జరుగుతూ ఉండేది.

చివరి సెమిస్టర్ సెలవుల్లో ఫోన్‌లో వీడియోలు చూసి, గ్రాఫ్ పేపర్ మీద ఒక బొమ్మ గీశాను. ఇంటి పక్క ఖాళీ జాగాలో నాలుగు ఇనప గుంజలు. ప్లేట్లు వచ్చిన పెట్టెల చెక్కలతో పైన దూలాలు, కింద బెంచీలు. పాత డ్రిప్ పైపులతో వంటింటి నీళ్ళు చిక్కుడు పాదుకు. కొత్తగా కొన్నది ఏదీ లేదు. కూర్చునే రాళ్ళు మా చేని గట్టురాళ్ళు. కంచె వేసే ముందు నాయన పెరికి ఇంటికి తెచ్చుకున్నాడు. విత్తనం వేసే రోజు అవ్వ పసుపు పూసి మొక్కిన రాళ్ళవి.

"గట్టురాయి మీద కూర్చునేదేంది మే? ఆ నీడ నిలవదు చూడు," అంది అవ్వ.

"నీడ నిలవకపోతే జరిగి కూర్చుందువులే, నీకు అలవాటే గదా!" అన్నాను. అవ్వ నవ్వలేదు.

పైకప్పు చిక్కుడు తీగ అనుకున్నాను. తీగ పాకకముందే ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం నాయన ట్రాక్టర్‌లో పగిలిన సోలార్ ప్లేట్లు తెచ్చాడు. పారేసినవే, కావాలంటే తీసుకోమన్నారట. నల్లగా మెరుస్తూ, వీడియోల్లోని ఇళ్ళకంటే షోకుగా కనిపించాయి. నాకు ఆనందం పట్టలేదు.

"వీటిలో కరెంటు ఉండదు గదా నాయనా?" అని మాత్రం అడిగాను.

"లైను పీకేసినాక కరెంటు యాడిది మే? బోరుమోటరుకు వైరు కోసేస్తే తిరుగుతాదా? ఇదీ అంతే. పైగా పగిలి సచ్చినవి."

నిజమే అనిపించింది. బోరు, లైను, ఫీజు చూసి పెరిగినవాళ్ళం. కరెంటు ఎప్పుడూ స్తంభం మీద నుంచి వచ్చేదే, ఎక్కువగా రానిదే. ఆ నెలలోనే సోలార్ సెల్ బొమ్మ పరీక్షలో తప్పు లేకుండా గీసి వచ్చినదాన్ని, తల ఊపాను.

ఆరు ప్లేట్లు పైకెక్కాయి. వాటి వెనక వైర్లు వేలాడుతున్నాయి. "తోకల మాదిరి ఉండాయి నాయనా, నీట్‌గా చెయ్యి," అన్నాను. నాయన వాటిని ఒకదానికొకటి తగిలించాడు. చివర మిగిలిన రెండు కొసలను ఒలిచి, ఒకటి ఈ గుంజకూ ఒకటి ఆ గుంజకూ బిగించి చుట్టాడు. చాలా నీట్‌గా వచ్చింది. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టాను.

మరుసటి వారం నుంచి కొన్ని జరిగాయి. మేత మేసి వచ్చిన మా గొర్రెలు మధ్యాహ్నం ఆ నీడలోకి వెళ్ళేవి కావు. చప్పరం అంచున నిలబడి, ఎండలోనే తలలు దించుకుని రొప్పేవి. అవ్వ అంట్లు తోమిన తడిచేత్తో గుంజ పట్టుకుని లేవబోయి, "చీమలు పాకినట్టుండాది చెయ్యంతా," అంది. షుగరు ఉన్నవాళ్ళకు చేతులు జివ్వుమంటాయని అమ్మ మాత్ర మార్పించింది. సాయంత్రం అదే గుంజ పట్టుకుంటే ఏమీ లేదు. ఆ తేడా ఎందుకో నేను ఆలోచించలేదు. అవ్వ మాత్రం రోజూ అక్కడే కూర్చునేది, నా మాట కోసం.

రిజల్ట్ వచ్చిన రోజు పొద్దున్నించీ కరెంటు లేదు. ఫోన్‌లో చార్జింగ్ ఎర్రగీతకు దిగింది. అయినా అరిచాను, ఎగిరాను, హాల్ టికెట్ వెనక ఎవరెవరికి చెప్పాలో పేర్లు రాసుకున్నాను. మొదటి ఫోన్ వల్లూరులో మా అత్తకు. నాయనకు ఒక్కతే చెల్లెలు.

"పాసయినావా మే! నా బంగారు! ఉండు, బట్టలుతికేసి, తలకు పోసుకుని మధ్యాన్నం బస్సుకు వచ్చేస్తా. నీకు దిష్టి తీయల్ల!"

ఆమె పేరుకు టిక్కు కొట్టాను. నాయన పొట్టేలును తెచ్చి గొలుసుతో చప్పరం గుంజకు కట్టాడు, ఆదివారం విందుకు.

అప్పుడు వాన వచ్చింది. ఎండ ఎండే, వాన వానే. "కుక్కకూ నక్కకూ పెండ్లి!" అని గడపలోంచి అవ్వ నవ్వింది. నేల తడిసింది, గుంజలు తడిశాయి. పొట్టేలు ఒక్కసారి ఎగిరింది. అరవనైనా లేదు. పడి, నాలుగు కాళ్ళూ కర్రల్లా చాపింది.

"కరెంటు కొట్టినాది! ఫీజు పీకుతా, ఉండండి!" అని నాయన మీటర్ వైపు పరుగెత్తాడు.

"ఫీజు పీకేదేందిరా? పొద్దున్నించీ కరెంటే లేదే!" అంది అవ్వ.

ఆ మాట విన్నాక తల ఎత్తి చూశాను. నల్లటి ప్లేట్ల మీద ఎండ జారుతోంది. పరీక్షలో నేను గీసిన బొమ్మ అదే. లైనుతో పని లేదు. వెలుతురు పడితే చాలు, అది దానంతట అది కరెంటు పుట్టిస్తుంది. ఆరింటినీ కలిపి బలం పెంచింది మేమే. కొసలు గుంజలకు చుట్టిందీ మేమే.

అమ్మ తడిచేతులతో గొలుసు విప్పడానికి వెళ్తోంది. ఇంక రెండు అడుగులు. వెనక నుంచి జడ పట్టి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం.

"పిచ్చి పట్టినాదా మే నీకు!"

"ముట్టుకోవద్దు! ప్లేట్లే! అవే చేస్తాండాయి కరెంటు!"

నాయన మీటర్ దగ్గరే ఆగిపోయాడు. "పగిలినవి గదమ్మా?" అన్నాడు. నాతో ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడలేదు. "అయితే ఆపేదెట్లా?"

ఆపడానికి ఏమీ లేదు. ఎండకు స్విచ్ ఉండదు. వాన వెలిసి, మబ్బు విడిపోయి, ఎండ ఇంకా తెల్లబడుతోంది. నేనూ నాయనా మిద్దె ఎక్కి, అవ్వ నల్ల కంబళ్ళు, ఇంట్లోని బొంతలు ఒక్కొక్కటే ప్లేట్ల మీదికి పరిచాం. శవానికి కప్పినట్టు, ఎక్కడా సందు లేకుండా. పొద్దు మునిగేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదని అమ్మకూ అవ్వకూ చెప్పాను. అవ్వ రోజూ కూర్చునే రాయి, పొట్టేలు పక్కనే, ఖాళీగా ఉంది.

నాయన మిద్దె మీదే కూలబడ్డాడు.

"పదమూడు తెచ్చినా," అన్నాడు.

"ఈడ ఆరే గదా?"

"నీడ లేదని అడిగినారు. ఇచ్చేసినా."

"వైర్లు?"

"అన్ని ఇండ్లకూ నేనే పోయి తగిలించి వచ్చినా. నీట్‌గా ఉండల్లని నువ్వే అంటివి గదమ్మా."

ఎవరెవరి ఇళ్ళో చెప్పి, బండి తీసి వల్లూరు దారి పట్టాడు. నా దగ్గర మిగిలింది ఎర్రగీత మీద ఉన్న ఫోన్. హాల్ టికెట్ తిప్పి, పొద్దున రాసుకున్న పేర్ల కిందే మళ్ళీ రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా మార్కుల కార్డుతో పాటే ఉంది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు:

ఫిజిక్స్ మేడమ్. కప్పితే సరిపోతుందా అని ముందు అడగాలి. ఫస్ట్ క్లాస్ సంగతి తర్వాత.

బలసముద్రం చిన్నాయన. గొర్రెల దొడ్డి మీద మూడు. మోగుతోంది, ఎత్తడం లేదు.

నాయనతో ప్లేట్లు కడిగే అన్న. ఎనుముల కొట్టం మీద రెండు. స్విచాఫ్.

వల్లూరు అత్త. టిక్కు కొట్టేశాను, మళ్ళీ చేయాలి. నీళ్ళు పోసుకునే కొట్టం మీద రెండు.